పాత ఇనుముకు పట్టిన మహర్దశ

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నది మన సామెత. ఈ సామెత మోటారుకారు విషయంలో అక్షరాలా నిజం. పాతబడిన ఇంటికి స్థలం విలువైనా మిగులుతుంది. పాతబడిన ఇత్తడి బిందెకు తూకం విలువైనా ఉంటుంది. కారు మాత్రం కొన్న మరునాటినుంచే వెల కోల్పోవడం మొదలుపెట్టి, పదిహేను ఇరవై ఏళ్ళకు పాత ఇనుము కొనేవాని త్రాసుకు చేరుతుంది. ఐతే అమెరికాలో కొన్ని కార్లు ఆ త్రాసు దాకా వెళ్ళి కూడా వెనుకకు మళ్ళాయి. 2018వ సంవత్సరం ఆగస్టులో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని పెబుల్ బీచ్‌లో జరిగిన వేలంపాటలో, 1935 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు ఒకటి 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అమెరికాలో తయారైన ఏ కారుకూ అంతకు మునుపు వేలంలో అంత ధర పలకలేదు. అదే పేరుగల కార్లు 1940 ప్రాంతంలో పాతబండ్ల దుకాణాల్లో కొన్ని వందల డాలర్లకు దొరికేవి. ఆ ధరకైనా కొనేవారు అరుదుగా ఉండేవారు. వస్తువు అదే అయినా వెల ఇంతగా మారడానికి కారణమేమిటి? ఆ వస్తువును నడుమ కాలంలో కాపాడినవారెవరు? పెరిగిన వెల దానికి మేలు చేసిందా, కీడు చేసిందా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట ఆ కార్ల పుట్టుకను గురించి కొంత తెలుసుకోవాలి. అమెరికా మోటారు పరిశ్రమ అనగానే మనకు హెన్రీ ఫోర్డు గుర్తుకు వస్తాడు. ఆయన మోడల్ టి కారు 1908 నుంచి 1927 వరకు కోటిన్నర సంఖ్యలో తయారై, మోటారు ప్రయాణాన్ని సామాన్య రైతు గడపవద్దకు తెచ్చింది. ఐతే అదే కాలంలో, అదే దేశంలో, మరొక ధోరణి కూడా నడుస్తూ ఉండేది. సంఖ్యతో పనిలేకుండా, ధరకు వెనుదీయకుండా, ఉత్తమమైన కారు తయారుచేయడమే లక్ష్యంగా పెట్టుకున్న సంస్థలు కొన్ని ఉండేవి. బఫెలోలో పియర్స్-యారో, డెట్రాయిట్‌లో పాకార్డ్, క్లీవ్‌లాండ్‌లో పీర్‌లెస్ ఈ కోవలోనివి. ఇంగ్లీషులో మూడు పేర్లూ ‘పి’ అక్షరంతో మొదలవుతాయి కనుక వీటిని ‘మూడు పీలు’ అని పిలిచేవారు. పియర్స్ సంస్థ మొదట పక్షుల పంజరాలు, తరువాత సైకిళ్ళు చేసి, ఆ పిమ్మట కార్లకు దిగింది. ముందు చక్రాల రెక్కలలోనే దీపాలను అమర్చడం దాని కార్లకు గుర్తు. చీకటిలో ఎదురుగా వచ్చేది పియర్స్-యారో అని దీపాల ఎడాన్నిబట్టే పోల్చుకోవచ్చు. ఇవికాక ఇండియానాపొలిస్‌లో స్టుట్జ్, మార్మన్ సంస్థలు ఉండేవి. సిరాక్యూస్‌లో ఫ్రాంక్లిన్ సంస్థ ఇంజనును నీటితో కాక గాలితోనే చల్లబరచే కార్లు చేసేది. జనరల్ మోటార్స్ వారి కాడిలాక్ శాఖ 1930 జనవరిలో 16 సిలిండర్ల కారును ప్రజల ముందుకు తెచ్చింది.

వీటన్నింటిలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది డ్యూసెన్‌బర్గ్. ఫ్రెడరిక్, ఆగస్ట్ డ్యూసెన్‌బర్గ్ అనే అన్నదమ్ములు జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చినవారు. పందెపు కార్లు కట్టడంలో వారు సిద్ధహస్తులు. 1921లో ఫ్రాన్సులోని లమాన్స్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ పందెంలో జిమ్మీ మర్ఫీ అనే అమెరికన్ డ్యూసెన్‌బర్గ్ కారు నడిపి గెలిచాడు. యూరప్ ఖండపు గ్రాండ్ ప్రీలో అమెరికా కారు నెగ్గడం అదే మొదలు. కాని పందెం గెలవడం వేరు, వ్యాపారం నెగ్గుకురావడం వేరు. సంస్థ ఇక్కట్లలో పడింది. 1926లో ఇ. ఎల్. కార్డ్ అనే యువ వ్యాపారి దానిని కొని, ప్రపంచంలో సాటిలేని కారును నిర్మించవలసిందని ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్‌ను కోరాడు. ఆ కోరిక ఫలితమే మోడల్ జె. 1928 డిసెంబరు 1వ తేదీన న్యూయార్కు ప్రదర్శనలో దానిని చూపించారు. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న ఇంజను. 420 ఘనపు అంగుళాల పరిమాణం. సిలిండరుకు నాలుగేసి వాల్వులు. 265 అశ్వశక్తి అని సంస్థ ప్రకటన. ఆనాటి ఖరీదైన అమెరికన్ కార్లకు అందులో సగం కూడా ఉండేది కాదు. 1932లో సూపర్‌చార్జర్ అమర్చిన ఎస్‌జె రకం వచ్చింది. దాని శక్తిని 320గా ప్రకటించారు. అదే సంవత్సరం ఒక మోటారు ప్రమాదంలో గాయపడి ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ మరణించాడు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. డ్యూసెన్‌బర్గ్ సంస్థ అమ్మినది ప్రధానంగా షాసీని, అంటే చట్రమూ ఇంజనూ చక్రాలూ కలిసిన నడిచే భాగాన్ని మాత్రమే. దాని ధరే మొదట 8,500 డాలర్లు, తరువాత 9,500. ఫోర్డు మోడల్ ఎ కారును 500 డాలర్లలోపు ఇంటికి తెచ్చుకోగలిగిన రోజులవి. చట్రంపైన కూర్చునే భాగాన్ని, అంటే బాడీని, కొనేవారు తమ అభిరుచినిబట్టి వేరే పనివాళ్ళచేత కట్టించుకునేవారు. పాసడెనాలోని మర్ఫీ, న్యూయార్కులోని రోల్‌స్టన్, ఫిలడెల్ఫియా దగ్గరి డెర్హమ్ మొదలైనవి అట్టి శాలలు. గుర్రపుబగ్గీలు కట్టిన సంప్రదాయం వారిది. గట్టి కర్రతో అస్థిపంజరం వంటి చట్రం కట్టి, దానిపై లోహపు రేకును చేతితో సాగగొట్టి బిగించేవారు. అందుచేత ఒకే సంవత్సరం, ఒకే పేరు గల రెండు కార్లు చూపుకు ఒకటిగా ఉండవలసిన అవసరం లేదు. ఈ సంగతి తరువాతి కాలంలో ఆ కార్లకు కీర్తినీ తెచ్చింది, చిక్కునూ తెచ్చింది.

మోడల్ జె మార్కెట్టుకు వచ్చిన ఏడాదిలోపే, 1929 అక్టోబరులో, న్యూయార్కు స్టాకు మార్కెట్టు కుప్పకూలింది. ఆర్థికమాంద్యం దేశమంతటా అలముకుంది. డబ్బున్నవారు కూడా రొట్టెకోసం బారులు తీరిన జనం మధ్యనుంచి అంత పెద్ద కారులో వెళ్ళడానికి సంకోచించారు. ఒకదాని వెనుక ఒకటిగా సంస్థలు మూతపడ్డాయి. పీర్‌లెస్ 1931లో కార్ల తయారీ మాని, మద్యనిషేధం తొలగిన తరువాత అదే ఫ్యాక్టరీలో బీరు కాచడం ప్రారంభించింది. మార్మన్ సంస్థ 16 సిలిండర్ల అద్భుతమైన కారును సుమారు 390 సంఖ్యలో తయారుచేసి, 1933లో ఆగిపోయింది. ఫ్రాంక్లిన్ 1934లోనూ, స్టుట్జ్, డ్యూసెన్‌బర్గ్ 1937లోనూ, పియర్స్-యారో 1938లోనూ అంతరించాయి. పియర్స్-యారో 12 సిలిండర్ల ఇంజను మాత్రం సీగ్రేవ్ అనే సంస్థ చేతికి చేరి, చాలాకాలం అగ్నిమాపక యంత్రాలలో పనిచేసింది. గార్డన్ బ్యూరిగ్ రూపకల్పన చేసిన కార్డ్ 810 కారు, ముడుచుకునే దీపాలతో, ముందు చక్రాలకే శక్తి నందించే ఏర్పాటుతో, 1935 నవంబరు ప్రదర్శనలో జనాన్ని విస్మయపరచింది. రెండేళ్ళలోనే దాని కథ కూడా ముగిసింది. జె రకపు డ్యూసెన్‌బర్గులు మొత్తం దాదాపు 480 మాత్రమే తయారైనవి. ఈ కార్లను అరుదుగా ఉంచాలని తయారుచేసినవారు సంకల్పించలేదు. అమ్ముడుపోక అరుదైనవి.

యజమాని చనిపోయినా, సంస్థ మూతపడినా వస్తువు వెంటనే నశించదు. 1930ల చివర ఆ కార్లు సెకండుహాండు దుకాణాలకు చేరాయి. గాలనుకు కొద్ది మైళ్ళే నడిచే బండి. విడిభాగాలు దొరకని బండి. రూపం పాతబడిన బండి. కొన్ని శవవాహనాలైనాయి. కొన్నింటి వెనుకభాగం కోసివేసి, చెడిపోయిన వాహనాలను లాక్కొనిపోయే బండ్లుగా మార్చారు. ఇంతలో యుద్ధం వచ్చింది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరులకు కార్లు తయారుచేయడం నిలిపివేశారు. టైర్లకు, పెట్రోలుకు రేషను వచ్చింది. ట్యాంకులకూ ఓడలకూ లోహం కావాలని ఊరూరా పాత ఇనుము పోగుచేసే ఉద్యమం సాగింది. కొట్టాలలోనూ పెరళ్ళలోనూ పడివున్న పాతకార్లు వేలకొలదిగా కొలిమికి పోయాయి. బరువైన కారుకు తూకం ఎక్కువ కనుక, మంచి కార్లే ముందుగా కరిగిపోయాయంటే అతిశయోక్తి కాదు. ఈనాడు ఒక మార్మన్‌నో స్టుట్జ్‌నో చూసేవాడు, ఆ త్రాసునుంచి తప్పించుకున్నదానిని చూస్తున్నాడన్నమాట.

తప్పించినవారెవరు? ధనికులు కారు, అప్పటికి వారు కొత్త కార్లకోసం ఎదురుచూస్తున్నారు. కళాశాల విద్యార్థులు, మెకానిక్కులు, యుద్ధంనుంచి తిరిగివచ్చిన సైనికులు, చిన్న ఉద్యోగులు ఈ కార్లను కొన్నారు. వారిలో చాలామంది పసితనంలో వీధివెంట ఆ కార్లు సాగిపోతూవుంటే నోరు తెరుచుకుని చూసినవారు. ఒకప్పుడు రాజులకూ సినిమా తారలకూ తప్ప దక్కని బండి, ఇప్పుడు నెల జీతానికి దొరుకుతున్నది. నడపడానికి వారికి పెట్రోలు ఖర్చు భారమే. బాగుచేయడానికి డబ్బు లేదు. ఉన్నదల్లా ఓపికా, చేతిపనీ.

పాతకార్ల అభిమానుల సంఘాలు అప్పటికే కొన్ని ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 1935లో యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా, లాస్‌ఏంజిలిస్‌లో 1937లో హార్స్‌లెస్ కారేజ్ క్లబ్ ఏర్పడ్డాయి. ఐతే ఆ సంఘాలవారి ప్రేమ ప్రధానంగా మొదటితరం కార్లపైన, అంటే ఇత్తడి దీపాలతో, గుర్రం లేని బగ్గీలవలె కనిపించే బండ్లపైన. 1930ల నాటి పాకార్డ్ కాని, డ్యూసెన్‌బర్గ్ కాని వారి దృష్టిలో పురాతన వస్తువు కాదు. వాడి పారవేసిన కారు మాత్రమే. ఈ చిన్నచూపును సహించలేక, 1952లో కొందరు క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అనే సంఘాన్ని స్థాపించారు. 1925 మొదలు యుద్ధకాలం వరకు తయారైన ఉత్తమశ్రేణి కార్లనే ‘క్లాసిక్’ అనాలని వారు నిర్ణయించి, వాటి జాబితా తయారుచేశారు. కాలక్రమాన ఆ హద్దులు 1915 నుంచి 1948 వరకు విస్తరించాయి. అదే 1952లో ఆబర్న్, కార్డ్, డ్యూసెన్‌బర్గ్ కార్ల అభిమానులు మరొక సంఘం పెట్టుకున్నారు. పేరు పెట్టడం చిన్న పనిగా కనిపిస్తుంది. కాని ‘పాతకారు’ అన్నదానికి ‘క్లాసిక్’ అన్న పేరు వచ్చిననాడే దానికి మర్యాద వచ్చింది; మర్యాద వెంట వెల వచ్చింది.

ఈ మార్పును స్పష్టంగా చూపే సంఘటన ఒకటి ఉన్నది. పెబుల్ బీచ్‌లో 1950లో మోటారు పందెంతోపాటు కార్ల సౌందర్య ప్రదర్శన ఒకటి ఆరంభమైంది. మొదటి సంవత్సరాలలో అగ్రబహుమతి కొత్త కార్లకే దక్కుతూ వచ్చింది. 1955లో మాత్రం 1931 నాటి పియర్స్-యారో కారుకు ఆ బహుమతి లభించింది. యుద్ధానికి పూర్వపు కారు ఒకటి అక్కడ అగ్రస్థానం పొందడం అదే మొదటిసారి. ఆ కారును తీర్చిదిద్ది ప్రదర్శనకు తెచ్చినవాడు ఫిల్ హిల్. 1961లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయిన పందెగాడు. అది ఆయన కుటుంబానికి చెందిన కారే. అత్యంత వేగంగా కారు నడపగల మనిషి, పాతికేళ్ళ క్రిందటి నిదానమైన బండిని తెచ్చి నిలబెట్టి గెలిచాడు. పాత కారుకు తలుపు తెరుచుకున్నది.

ఆ తలుపులోనుంచి డబ్బు కూడా ప్రవేశించింది. సౌందర్య సాధనాల వ్యాపారి జె. బి. నెదర్‌కట్ 1956లో 1930 నాటి డూపాంట్ కారును 500 డాలర్లకు కొన్నాడు. కొద్ది వారాలలో బాగుచేయవచ్చునని ఆయన అనుకున్నాడు. ఆ పని పూర్తికావడానికి ఏడాదిన్నర కాలం, 65,000 డాలర్లకు పైగా డబ్బు పట్టాయి. 1958లో ఆ కారు పెబుల్ బీచ్‌లో అగ్రబహుమతి పొందింది. వ్యాపార దృష్టితో చూస్తే ఇది వెర్రితనం. 500 డాలర్ల వస్తువుమీద నూటముప్ఫై రెట్లు ఖర్చుచేయడం ఏ లెక్కకూ అందదు. కాని ఆనాటి సేకర్తలలో అధికులు అమ్మడానికై బాగుచేసినవారు కారు. బాగుచేయడమే వారికి ఫలం. ఆయన నెలకొల్పిన సంగ్రహాలయం కాలిఫోర్నియాలోని సిల్మార్‌లో ఉన్నది. 1933 చికాగో ప్రపంచ ప్రదర్శనలో 20,000 డాలర్ల ధరతో నిలిచి, ఆ ధరనే పేరుగా పొందిన ‘ట్వెంటీ గ్రాండ్’ డ్యూసెన్‌బర్గ్ అక్కడిదే.

బాగుచేయడం అన్నమాట పలకడం తేలిక. డెబ్బై ఎనభై ఏళ్ళనాటి కారును విప్పితే ఎదురయ్యే కష్టాలు వేరు. బాడీ లోపలి కర్ర చివికిపోయి ఉంటుంది. పైన రేకు మెరుస్తున్నా తలుపు మూయబోతే కీలు నిలవదు. కార్బ్యురేటర్లు, పిడులు, అలంకారపు సామగ్రి చౌకరకం జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ లోహం కాలం గడిచినకొద్దీ లోలోపల ఉబ్బి, బీటలువారి, చేతిలో పొడి అయిపోతుంది. ఇంజనులోని బేరింగులకు తెల్లలోహాన్ని కరిగించి పోసి, చేతితో గీకి సరిచేయాలి. తయారుచేసిన సంస్థ లేదు. దుకాణంలో అడిగితే దొరికే భాగం లేదు. కాబట్టి ఈ అభిమానులకు ఇద్దరు అత్యవసరం: పని తెలిసిన మనిషి ఒకడు, తన దగ్గర ఉన్న భాగాన్ని అమ్మే మరొక అభిమాని.

ఈ రెండో అవసరంనుంచే ఒక విచిత్రమైన అంగడి పుట్టింది. 1954లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ పట్టణంలో ఎర్నెస్ట్ హెమింగ్స్ అనే ఆయన పాతకార్లకు సంబంధించిన ప్రకటనలతోనే ఒక పత్రిక ప్రారంభించాడు. ‘అమ్మకానికి కలదు’, ‘కావలెను’ అన్న చిన్న ప్రకటనలే దానికి ప్రాణం. ఒక రాష్ట్రంలో ఎవరి కొట్టంలోనో ఉన్న గేరుపెట్టె, వెయ్యి మైళ్ళ దూరంలో దానికై తపిస్తున్న మనిషికి ఆ పత్రిక ద్వారా తెలిసేది. 1950ల నడుమనుంచే పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటేటా శరత్కాలంలో యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ వారి మేళా జరుగుతున్నది. కార్ల ప్రదర్శన ప్రక్కన కొద్దిమంది విడిభాగాలు పరచుకుని అమ్మడంతో మొదలై, అది ఎకరాల కొద్దీ వ్యాపించిన సంతగా పెరిగింది. మన పశువుల సంతలో కొనేవాడు పళ్ళు చూసి, గిట్టలు తట్టి చూసినట్లే, అక్కడ కొనేవాడు పోతలోని అంకెలు చదివి, బీటలకోసం వేలుపెట్టి తడిమి, పిమ్మట బేరం మొదలుపెడతాడు.

ఓక్లహోమాలో గ్లెన్ ప్రే అనే పాఠశాల ఉపాధ్యాయుడు ఉండేవాడు. కార్డ్ కారు అంటే ఆయనకు ప్రాణం. ఆబర్న్, కార్డ్, డ్యూసెన్‌బర్గ్ సంస్థలు మూతపడినప్పుడు మిగిలిన విడిభాగాల రాశిని ఆయన 1960లో కొని, ఆబర్న్‌నుంచి బ్రోకెన్ యారో అనే ఊరికి తరలించాడు. లక్షల పౌన్ల బరువుగల ఆ సామగ్రి దేశంలోని ఎన్నో కార్లకు ప్రాణం పోసింది. తరువాత ఆయన అసలు కార్డ్ కొలతలకు పదింట ఎనిమిదోవంతుగా చిన్నకారు ఒకటి తయారుచేయించాడు. ఇది నకలు అని చెప్పే అమ్మాడు. చెప్పి అమ్మే నకలుకూ, చెప్పక అమ్మే నకలుకూ ఎంత భేదమున్నదో కాలక్రమాన అభిమానులకు బాగా బోధపడింది.

ఎందుకంటే 1971 నుంచి ఈ వ్యవహారం కొత్త మలుపు తిరిగింది. ఆ ఏడాది ఇండియానాలోని ఆబర్న్‌లో క్రూజ్ కుటుంబం వారి వేలంపాట, ఆరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో బారెట్-జాక్సన్ వారి వేలంపాట ప్రారంభమైనవి. అంతవరకు ఒక అభిమాని ఇంటి వరండాలో మరొక అభిమానితో జరిగే బేరం, దీపాల వెలుగులో వేలమంది కళ్ళముందు జరిగే పోటీ అయింది. నెవాడాలో జూదశాలల అధిపతి బిల్ హారా సుమారు 1,400 కార్లు సేకరించి, వాటికి తోడుగా గొప్ప గ్రంథాలయాన్నీ మరమ్మతుశాలలనూ నెలకొల్పాడు. 1978లో ఆయన మరణించగా, ఆస్తి ఒక హోటళ్ళ సంస్థ వశమైంది. 1984 నుంచి 1986 వరకు మూడు విడతలుగా ఆ కార్లలో అధికభాగాన్ని వేలం వేశారు. కొన్ని మాత్రం మిగిలి, 1989లో రీనోలో తెరిచిన సంగ్రహాలయంలో నిలిచాయి. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు కూర్చినది మూడేళ్ళలో చెదిరిపోవడం చూసి దుఃఖించినవారున్నారు. ఎన్నడూ చేతికందవనుకున్న కార్లు తమకు దక్కినవని సంతోషించినవారూ ఉన్నారు.

వెల పెరిగినచోట అసత్యం కూడా పెరుగుతుంది. ముందు చెప్పినట్లు డ్యూసెన్‌బర్గ్ చట్రం ఒకరిది, బాడీ వేరొకరిది. మూసివున్న సెడాన్ కంటె పైకప్పు తీయగల కారుకు గిరాకీ ఎక్కువ. అందుచేత సెడాన్ బాడీని తీసి పారవేసి, మరొక కారుమీది తెరుపు బాడీని దించి బిగించడం పాతబండ్ల వర్తకులకు మొదటినుంచీ అలవాటే. అప్పుడది మోసం కాదు; పాతబండిని అమ్ముకునే ఉపాయం. ధర లక్షల్లోకి వచ్చిన తరువాత అదే పని చరిత్రను దిద్దివేయడం అయింది. మంచి భాగాలున్న రెండు శిథిలాలనుంచి మూడు కార్లు పుట్టించినవారు కూడా లేకపోలేదు. ఇంజను ఒకచోటిది, చట్రం ఒకచోటిది, బాడీ నిన్న కట్టినది. అయినా ముందు భాగాన పేరు మాత్రం ఒకటే. ఏ భాగం ఉంటే అది ఆ కారు అవుతుంది?

ఈ ప్రశ్నకు అభిమానులు చెప్పిన సమాధానం మెచ్చదగినది. వారు తీర్పు చెప్పడానికి ముందు లెక్క తీయడం ప్రారంభించారు. ఇంజనుపై ఉన్న అంకె, చట్రంమీద కొట్టిన అంకె, ఇంజనుకూ కూర్చునే భాగానికీ నడుమ ఉన్న రేకుగోడకు బిగించిన పలకలోని అంకె, బాడీ కట్టినవారి అంకె — వీటిని కలిపి చూసి, పాత ఫోటోలతోనూ సంస్థ పత్రాలతోనూ పోల్చి, ఏ కారు ఎక్కడ పుట్టి ఎవరెవరి చేతులు మారిందో వ్రాసి ఉంచారు. ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ క్లబ్ వారు ఇట్లా పరీక్షించి, కారుకు యోగ్యతాపత్రం ఇచ్చే పద్ధతి నెలకొల్పారు. ఆ పరిశోధన వల్లనే జె రకపు డ్యూసెన్‌బర్గులలో నాలుగింట మూడువంతులకు పైగా ఇంకా ఉన్నవని మనకు తెలుస్తున్నది. అంత స్వల్పసంఖ్యలో తయారైన వస్తువులలో అంతభాగం నిలవడం ఆశ్చర్యకరం. శాసనాలు చదివి వంశావళులు నిర్ణయించే మన పండితుల పనికీ, నూనె మరకల చేతులతో ఈ అభిమానులు చేసిన పనికీ స్వభావంలో భేదం లేదు.

ఇంకొక వివాదం ఇప్పటికీ తెగలేదు. కారును కొత్తదానివలె చేయడం మేలా, ఉన్నది ఉన్నట్లు కాపాడడం మేలా? ఒక కాలంలో బహుమతులన్నీ అద్దంవలె మెరిసే కార్లకే దక్కేవి. ఫ్యాక్టరీలో ఎన్నడూ లేనంత నునుపుగా రంగు పూసి, ఎన్నడూ లేనంత తళుకుగా పూతలు వేసి, మొదటి యజమాని గుర్తుపట్టలేనంతగా తీర్చిదిద్దేవారు. దానితో అసలు తోలు, అసలు రంగు, పనివాని ఉలిగుర్తు అన్నీ మాయమయ్యేవి. మన శిథిల దేవాలయాలకు సున్నం పూసి చిత్రాలను కప్పివేసినప్పుడు జరిగిన నష్టం వంటిదే ఇది. ఒకసారి చెరిపివేసిన తొలిరంగును ఎంత ధనమూ తిరిగి తేలేదు. ఈ సత్యం క్రమంగా తలకెక్కింది. 2024లో పెబుల్ బీచ్‌లో మొదటిసారిగా, కొత్తరూపు ఇవ్వక భద్రపరచిన కారుకు, 1934 నాటి బుగాటీకి, అగ్రబహుమతి వచ్చింది. కారు యూరప్‌దే అయినా, తీర్పు అమెరికా సేకర్తలందరికీ వర్తించేదే.

మన దేశానికి ఈ కథతో కొంత సంబంధం లేకపోలేదు. ఇండోర్ మహారాజు రెండవ యశ్వంతరావు హోల్కరు 1936లో డ్యూసెన్‌బర్గ్ ఎస్‌జె షాసీ తెప్పించి, లండన్‌లోని గర్నీ నటింగ్ శాలలో దానికి బాడీ కట్టించాడు. ఇండియానాపొలిస్‌లో పుట్టి, లండన్‌లో రూపం దాల్చి, ఇండోర్ మహారాజు సొత్తయిన ఆ కారు తరువాత అమెరికా సేకర్తల చేతికి చేరింది. సంస్థానాలు పోయి, 1971లో రాజభరణాలు రద్దయిన కాలంలో, మన గారేజీలలో మిగిలిన కార్ల విలువ ఇక్కడివారికంటె పైదేశాలవారికే ముందుగా తెలిసింది. మన ప్రభుత్వం 2021లో ఏబదియేళ్ళు దాటిన వాహనాలకు ‘వి ఎ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేసింది. పాతవాహనమంటే తుక్కు మాత్రమే కాదని చట్టం అంగీకరించడం మంచి మార్పు.

ఇక ముందుమాట ఏమిటి? తమ బాల్యంలో ఆ కార్లను వీధిలో చూసినవారు దాదాపుగా గతించారు. అతి విశిష్టమైన కార్లకు కోట్లు పలుకుతూనే ఉన్నా, మామూలు పాతకార్లను కొనే యువకులు తగ్గుతున్నారన్న దిగులు సేకర్తలలో ఉన్నది. నిజానికి వారు దిగులుపడవలసినది గిరాకీ గురించి కాదు, విద్య గురించి. తెల్లలోహం పోయగల చేయి, రేకును సుత్తితో మలచగల చేయి, పాత కార్బ్యురేటర్ శ్రుతి వినగల చెవి లేకపోతే, కోట్లు పెట్టి కొన్న కారు నిలిచిన విగ్రహమే. కాన్సాస్ రాష్ట్రంలోని మెక్‌ఫెర్సన్ కళాశాల 1976 నుంచి ఈ విద్యను పాఠ్యక్రమంగా బోధిస్తూ, ఇప్పుడు దానిలో పట్టం కూడా ఇస్తున్నది. చేతిపనికి కళాశాల గౌరవం దక్కడం అన్ని వేలంపాటల కంటె శుభసూచకం.

2 కోట్ల 20 లక్షల డాలర్ల కారును గురించి వార్తాపత్రికలు వ్రాసినప్పుడు, దాని మొదటి యజమాని సినిమా నటుడు గ్యారీ కూపర్ అని వ్రాశాయి. అటువంటివి ప్రపంచంలో రెండే ఉన్నవనీ, రెండవది క్లార్క్ గేబుల్‌కు చేరిందనీ వ్రాశాయి. అవి నిజమే. ఐతే నటుల పేర్లు కారును కొలిమినుంచి కాపాడలేవు. ఎవరూ విలువ కట్టని రోజుల్లో అట్టి కార్లను కొని, వానకు తడవకుండా కప్పు వేసి, నట్లూ బోల్టులూ డబ్బాలలో దాచి, అంకెలు పుస్తకంలో వ్రాసిపెట్టినవారు వేలమంది. వారిలో చాలామంది పేర్లు ఏ వేలంపాట పట్టికలోనూ కనిపించవు. ఈనాడు పలికే వెల వారి ఓపికకు ఆలస్యంగా ముట్టిన వడ్డీ. మన ఇళ్ళ అటకలమీదా, మన ఊళ్ళ కొట్టాలలోనూ వెల లేదని పడివున్న వస్తువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటిని త్రాసులో వేయడానికి ముందు ఒక్కసారి తుడిచి, వాటిమీద ఏ అంకె ఉన్నదో, ఎవరి చేతి గుర్తు ఉన్నదో చూడడం మనకూ మంచిది.